వుహాన్‌లో ఏం చూడాలి? యాంగ్జీ ఒడ్డు నగరంపై తరచుగా అడిగే ప్రశ్నలు

వుహాన్ అనగానే కరోనాయే గుర్తొస్తుంది. అక్కడ చూడటానికి నిజంగా ఏమైనా ఉందా?

చాలా ఉంది. 2020కి ముందు ఈ పేరు తెలిసిన తెలుగు కుటుంబాలు ఎక్కువగా అక్కడ వైద్యవిద్య చదివే పిల్లలున్నవే. ఆ ఏడాది జనవరి 23 నుంచి ఏప్రిల్ 8 వరకు నగరాన్ని మూసివేశారు. జనవరి నెలాఖరులో, ఫిబ్రవరి మొదట్లో మన ప్రభుత్వం పంపిన ఎయిర్ ఇండియా విమానాల్లో తిరిగి వచ్చినవారిలో తెలుగు విద్యార్థులు ఉన్నారు, తిరుపతి నుంచి శిక్షణకు వెళ్లిన ఇంజనీర్లూ ఉన్నారు. ఆ భయం ఎవరూ మరచిపోలేరు, మరచిపోనక్కరలేదు. అయితే మూడున్నర వేల ఏళ్ల చరిత్ర, కోటికి పైగా జనం ఉన్న ఊరిని ఒక్క జబ్బు పేరుతోనే తలచుకోవడం అన్యాయమని నా అభిప్రాయం. చైనాలో నదిని చూడాలనుకునేవారు మొదట వెళ్లవలసిన నగరం ఇదేనని గట్టిగా నమ్ముతాను.

నగరం ఎలా అమరి ఉంటుంది? పటం చూస్తే ఏమీ అర్థం కావడం లేదు.

నదులను బట్టి చూస్తే తేలికగా అర్థమవుతుంది. దక్షిణం నుంచి వచ్చే యాంగ్జీ నగరం మధ్యగా ఈశాన్యానికి సాగిపోతుంది. పడమటి నుంచి వచ్చిన హాన్ నది ఊరి నడిబొడ్డున దానిలో కలుస్తుంది. ఈ రెండు నదులూ కలిసి నేలను మూడు ముక్కలు చేశాయి. యాంగ్జీకి తూర్పున ఉన్నది వుచాంగ్, పడమట హాన్ నదికి ఉత్తరాన హాన్‌కౌ, దక్షిణాన హాన్‌యాంగ్. మూడూ వందల ఏళ్లు వేర్వేరు పట్టణాలుగా బతికాయి. వుచాంగ్ అధికారుల ఊరు, హాన్‌కౌ వర్తకుల రేవు. ఆధునిక కాలంలో చైనా ఉక్కు పరిశ్రమ మొదలైన చోట్లలో హాన్‌యాంగ్ ఒకటి. ఆ తేడా నేటికీ వీధుల్లో కనిపిస్తుంది. అందుకే చూడవలసిన చోట్లను ఒడ్డుల వారీగా విడదీసుకుని, రోజుకు ఒక ఒడ్డు పెట్టుకోండి. లేకపోతే రోజంతా వంతెనల మీద వాహనాల రద్దీలోనే గడిచిపోతుంది.

మొదట ఏం చూడాలి?

లాంచీ ఎక్కండి. చాలామంది నేరుగా కొండ మీది పసుపుకొంగ గోపురానికి వెళతారు. నన్ను అడిగితే నదిని దాటాకే ఏదైనా. హాన్‌కౌలో పాత కస్టమ్స్ భవనం ఎదుటి రేవు నుంచి వుచాంగ్‌లోని జోంగ్‌హ్వా లూ రేవుకు లాంచీలు తిరుగుతుంటాయి. టికెట్టు కొద్ది యువాన్లే. ఉదయం, సాయంత్రం పనులకు వెళ్లివచ్చేవారు, స్కూటర్లు తోసుకుంటూ ఎక్కేవారు, సంచుల్లో కూరగాయలున్న ముసలివారు మీ పక్కనే ఉంటారు. కొద్ది నిమిషాల ప్రయాణంలోనే యాంగ్జీ ఎంత వెడల్పో, ఎంత బురద రంగో, సరుకు పడవల బారు ఎంత పొడవుగా సాగుతుందో కళ్లకు కడుతుంది. రాత్రిపూట రెండు ఒడ్డుల మేడల మీదా దీపాల ప్రదర్శన ఉంటుంది. దాని కోసం ఖరీదైన విహార నౌకలు నడుపుతారు. ఆ వెలుగులను మామూలు లాంచీ పైఅంతస్తు నుంచి కూడా చూడవచ్చు. చివరి లాంచీ వేళ మాత్రం రేవులోనే కనుక్కోండి, కాలాన్ని బట్టి మారుతుంది.

పసుపుకొంగ గోపురం నిజంగా పాతదేనా?

పేరు పాతది, కట్టడం కొత్తది. క్రీ.శ. 223లో, మూడు రాజ్యాలు పోరాడుకుంటున్న కాలంలో, వు రాజ్యపు పాలకుడు సున్ చ్వాన్ నదిపై కాపలాకు ఇక్కడ ఒక బురుజు కట్టించాడు. తర్వాత అది కాలిపోవడం, కూలిపోవడం, మళ్లీ లేవడం ఎన్నోసార్లు జరిగింది. 1884లో కాలిపోయాక వందేళ్ల దాకా ఎవరూ తిరిగి కట్టలేదు. ఈలోగా పాత స్థలంలోకి యాంగ్జీ వంతెన దారి వచ్చింది. కాబట్టి 1985లో తెరిచిన ఇప్పటి గోపురం అక్కడికి సుమారు కిలోమీటరు దూరంలో, పాము కొండ మీద నిలిచింది. అయిదంతస్తులు, 51 మీటర్ల ఎత్తు, లోపల కాంక్రీటు, లిఫ్టు కూడా ఉంది.

ఇది తెలిసి కొందరు నిరాశపడతారు. పడనక్కరలేదు. చైనావారికి ఈ గోపురం ఇటుకల్లో కన్నా కవిత్వంలో ఎక్కువగా నిలిచి ఉంది. టాంగ్ కాలపు కవి చుయ్ హావ్ ఇక్కడ రాసిన పద్యం చదివాక, దానికి మించి చెప్పడానికి ఏమీ లేదని మహాకవి లీ బాయ్ కలం కింద పెట్టేశాడని కథ. అదే లీ బాయ్ తన స్నేహితుడిని ఇక్కడి నుంచి నది దారిన సాగనంపుతూ రాసిన నాలుగు పాదాలు చైనాలో బడిపిల్లలందరికీ కంఠస్థం. గోపురం పైన ఉదయం తెరిచిన వేళ నుంచే రద్దీ ఉంటుంది. అయినా చివరి అంతస్తు దాకా వెళ్లి నది వైపు చూడండి. దూరమవుతున్న తెరచాప ఆకాశంలో కలిసిపోయి నీరు మాత్రం మిగిలిందని ఆ కవి చెప్పింది ఎందుకో తెలుస్తుంది.

కొంగ కథ కూడా చెప్పాలి. షిన్ అనే ఆయన సారాయి అంగడికి దావో మతానికి చెందిన ఒక సాధువు రోజూ వచ్చి డబ్బివ్వకుండా తాగేవాడట. యజమాని ఏనాడూ అడగలేదు. వెళ్లిపోయే ముందు సాధువు నారింజ తొక్కతో గోడ మీద కొంగ బొమ్మ గీశాడు. జనం చప్పట్లు కొడితే అది గోడ దిగి నాట్యమాడేది. అంగడి పేరు ఊరంతా పాకింది. పదేళ్లకు సాధువు తిరిగివచ్చి, పిల్లనగ్రోవి ఊది, ఆ కొంగనెక్కి ఎగిరిపోయాడు. గోపురం కింది అంతస్తు గోడ మీద ఈ ఘట్టాన్ని పెద్ద చిత్రంగా పరిచారు.

పాత వంతెన మీద నడవవచ్చా?

తప్పక నడవండి. 1957 అక్టోబరు 15న తెరిచిన ఈ వంతెన యాంగ్జీ మహానదిపై కట్టిన మొదటిది. అప్పటిదాకా ఉత్తర, దక్షిణ చైనాల మధ్య రైళ్లను పడవల మీద దాటించేవారు. పొడవు 1,670 మీటర్లు, పై అంతస్తులో రోడ్డు, కింద రెండు రైలు పట్టాలు. ఒక కొస హాన్‌యాంగ్‌లోని తాబేలు కొండకు, రెండోది వుచాంగ్‌లోని పాము కొండకు ఆని ఉంటుంది.

పునాదుల సంగతి నాకు మరీ ఇష్టం. నది లోతుగా ఉండటంతో, పాత పద్ధతిలో గాలి నింపిన గదుల్లో కూలీలు అడుగున పనిచేయడం ప్రాణాలతో చెలగాటం. సోవియట్ ఇంజనీరు కాన్‌స్టాంటిన్ సిలిన్ మరో దారి సూచించారు. పెద్ద గొట్టాల్లాంటి స్తంభాలను నీటి అడుగున రాతిలోకి దించి, పనివారు నీటిపైనే ఉండి పునాది పూర్తిచేసేలా చేశారు. వంతెన మధ్యలో నిలబడితే కింద రైలు వెళ్లేటప్పుడు కాళ్ల కింద ఆ కంపనం తెలుస్తుంది. గాలి బలంగా ఉంటుంది, టోపీలు జాగ్రత్త.

హాన్‌కౌలో ఐరోపా తరహా మేడలు ఎందుకు ఉన్నాయి?

రెండో నల్లమందు యుద్ధంలో ఓడిన చైనా చేసుకున్న ఒప్పందాల వల్ల 1861లో హాన్‌కౌ రేవు విదేశీయులకు తెరుచుకుంది. బ్రిటన్, రష్యా, ఫ్రాన్స్, జర్మనీ, జపాన్ ఒడ్డు వెంబడి వరుసగా తమ తమ పేటలు కట్టుకున్నాయి. రష్యన్లు తేయాకు కోసం వచ్చారు. ఇక్కడి కర్మాగారాల్లో తేయాకును ఇటుకల్లా గట్టిగా అదిమి సైబీరియా దారిన పంపేవారు. తర్వాత రష్యా జారు (చక్రవర్తి) అయిన రెండో నికొలస్ యువరాజుగా 1891లో ఇక్కడికి వచ్చి వెళ్లాడు.

1924లో పూర్తయిన గడియారపు గోపురం ఉన్న కస్టమ్స్ భవనం ఇప్పుడు మ్యూజియం. దాని పక్కనుంచే పాదచారులకు ప్రత్యేకించిన జియాంగ్‌హాన్ వీధి మొదలవుతుంది. అంగళ్ల రద్దీ నచ్చనివారు లీహ్వాంగ్‌పీ వీధి వైపు మళ్లండి, చెట్ల నీడలో పాత ఇళ్లు చూస్తూ నడవవచ్చు. మేడలు అందంగా ఉన్నాయి. అవి ఎవరి బలహీనత మీద లేచాయో కూడా గుర్తుంచుకుంటూ చూడాలి.

1911 అక్టోబరు 9న ఇక్కడి రష్యన్ పేటలో విప్లవకారులు రహస్యంగా తయారుచేస్తున్న బాంబు పొరపాటున పేలింది. విప్లవకారుల పేర్ల జాబితా అధికారులకు చిక్కింది. ఇక ఆగితే ప్రాణాలు దక్కవని మర్నాడు నదికి అవతల వుచాంగ్‌లో సైనికులు తిరగబడ్డారు. రెండువేల ఏళ్లకు పైబడిన చక్రవర్తుల పాలన నెలల్లో ముగిసింది. తిరుగుబాటుదారుల ప్రభుత్వం నడిచిన ఎర్ర భవనం పాము కొండ కిందనే, విప్లవ నాయకుడు సన్ యట్ సెన్ విగ్రహం వెనుక ఉంది. గోపురం చూసి దిగినవారు చాలామంది దాన్ని దాటి వెళ్లిపోతారు. అరగంట కేటాయించండి.

నది ఒడ్డున ఆ గోడ, ఇనుప గేట్లు ఎందుకు?

వరద కోసం. 1931లో హాన్‌కౌ వీధుల్లో పడవలు తిరిగాయి. 1954 ఆగస్టు 18న హాన్‌కౌ దగ్గర నీటిమట్టం 29.73 మీటర్లకు చేరింది. అంత ఎత్తు మళ్లీ ఎన్నడూ రాలేదు. ఆ ఏడాది లక్షలమంది మట్టి మోసి కరకట్టలు నిలబెట్టారు. ఆ పోరాటానికి గుర్తుగా హాన్‌కౌ ఒడ్డున స్మారక స్తంభం ఉంది. కట్టల కోసం మట్టి తవ్వుతున్నప్పుడే నగరానికి ఉత్తరాన పాన్‌లాంగ్‌చెంగ్ బయటపడింది. షాంగ్ కాలంలో, అంటే మూడున్నర వేల ఏళ్ల కిందట, కోటగోడతో వెలసిన ఊరు అది. వుహాన్ వయసు తెలిసింది వరద పుణ్యమానే. ఇప్పుడక్కడ మంచి మ్యూజియం కట్టారు.

గోడ దాటితే కిలోమీటర్ల పొడవునా ఒడ్డు పార్కు. ముసలివారు గాలిపటాలు ఎగరేస్తారు, చలికాలంలో కూడా ఈతగాళ్లు నీటిలోకి దిగుతారు. 1966 జులై 16న 72 ఏళ్ల మావో ఇక్కడే యాంగ్జీలో ఈదాడు. ఏటా జులైలో నది దాటే ఈత పోటీలు జరుగుతాయి. మీరు మాత్రం దిగవద్దు. పైకి నెమ్మదిగా కనిపించినా లోపలి ప్రవాహం బలమైనది.

మ్యూజియాలు చూసే ఓపిక లేదు. ఒక్కటి చూస్తే ఏది?

హుబే ప్రాంతీయ మ్యూజియం (వుహాన్ ఉన్న రాష్ట్రం పేరు హుబే). ప్రవేశం ఉచితం. ముందుగా ఆన్‌లైన్‌లో సమయం తీసుకోవాలి, సోమవారం సెలవు. 2018 ఏప్రిల్‌లో మన ప్రధాని మోదీకి చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ స్వాగతం పలికింది ఇక్కడే.

పురాతన జెంగ్ రాజ్యపు ప్రభువు యీ సమాధిలో దొరికిన కంచు గంటల కోసమైనా వెళ్లాలి. సుయ్‌జౌ దగ్గర కొండను చదును చేస్తుంటే సమాధి జాడ తెలిసింది, 1978లో తవ్వారు. 65 గంటలు మూడు వరుసల్లో, మనుషుల ఆకారంలో ఉన్న కంచు స్తంభాల మీద వేలాడుతున్నాయి. ఒక్కో గంట అడ్డుకోత గుండ్రంగా కాక బాదంగింజ ఆకారంలో ఉంటుంది. అందుచేత మధ్యలో కొడితే ఒక స్వరం, పక్కన కొడితే మరొక స్వరం పలుకుతాయి. ఏ స్వరం ఎక్కడ పలుకుతుందో గంట మీదే అక్షరాలు చెక్కారు. వాటిలో ఒకటి చూ అనే రాజ్యపు రాజు కానుకగా పంపినది. దాని మీది రాతను బట్టే ఇవి క్రీ.పూ. 433 నాటివని తేలింది. సమాధిలో నీరు నిండి ఉండటం వల్ల ఇంత చక్కగా నిలిచాయి. సంగీతం తెలిసినవారెవరైనా ఈ గది ముందు గంటసేపు నిలబడిపోతారు. నమూనా గంటల మీద కచేరీలు చేస్తారు, ఆ రోజు వేళలు అడిగి తెలుసుకుని మిగతా గదులను దాని చుట్టూ అమర్చుకోండి.

మరో గదిలో పురాతన యుయె రాజ్యపు రాజు గౌజియాన్ కత్తి ఉంది. 1965లో జింగ్‌జౌ దగ్గర సమాధిలో దొరికింది. పొడవు సుమారు 56 సెంటీమీటర్లు. రెండున్నర వేల ఏళ్లయినా అంచు పదును తగ్గలేదు. దాని చుట్టూ ఎప్పుడూ జనం మూగి ఉంటారు.

తూర్పు సరస్సుకు ఎంత సమయం కావాలి?

మ్యూజియం దాని ఒడ్డునే ఉంది, కాబట్టి మిగిలిన పూట ఇక్కడికే ఇవ్వండి. నీటి విస్తీర్ణం 33 చదరపు కిలోమీటర్లు, హాంగ్‌జౌలోని ప్రసిద్ధ పశ్చిమ సరస్సుకు సుమారు అయిదు రెట్లు. చుట్టూ వంద కిలోమీటర్లకు పైగా పచ్చటి దారి వేశారు. సైకిలు అద్దెకు తీసుకుని మోషాన్ కొండ దాకా వెళ్లిరావడం ఒక పూటకు సరిపోతుంది.

మార్చి మధ్యలో వెళితే వుహాన్ విశ్వవిద్యాలయంలో చెర్రీ పూలు చూడవచ్చు. అక్కడి మొదటి చెట్లను 1939లో, నగరాన్ని ఆక్రమించిన జపాను సైన్యం నాటింది. అలాంటి పుట్టుక ఉన్న పూలను చూడటానికి ఇప్పుడు లక్షలమంది వస్తారు. పూల రోజుల్లో ముందస్తు నమోదు లేకుండా లోపలికి పంపరు. మోషాన్ కొండ కింది చెర్రీ తోటకు వెళ్లడం కాస్త తేలిక.

గుళ్లు చూడాలనుకునేవారికి?

హాన్‌యాంగ్‌లోని గుయ్‌యువాన్ ఆలయానికి వెళ్లండి. 17వ శతాబ్దంలో స్థాపించిన బౌద్ధ ఆలయం. అయిదువందల అర్హతుల (జ్ఞానం పొందిన బౌద్ధ సాధువుల) మందిరం దీని ప్రత్యేకత. ఏ రెండు ముఖాలూ ఒకేలా ఉండవు. ఏదో ఒక విగ్రహం నుంచి మొదలుపెట్టి మీ వయసు ఎంతో అన్ని విగ్రహాలు లెక్కపెట్టాలి, ఆగిన చోటి అర్హతుడు మీ రాబోయే కాలాన్ని చెబుతాడని నమ్మకం. దగ్గరలోనే, చంద్ర సరస్సు ఒడ్డున, వీణ వంటి వాద్యం వాయించిన బో యా, అతని సంగీతాన్ని పూర్తిగా అర్థం చేసుకున్న కట్టెలు కొట్టేవాడు జోంగ్ జిచీ కలిసిన చోటని చెప్పే మంటపం ఉంది. స్నేహితుడు చనిపోయాడని తెలిసి బో యా వాద్యాన్ని పగలగొట్టి మళ్లీ ముట్టలేదట.

యాంగ్జీ డాల్ఫిన్లు కనిపిస్తాయా?

బైజీ అనే తెల్ల డాల్ఫిన్ ఇక కనిపించదు. 1980లో పట్టుబడిన చీచీ అనే మగ డాల్ఫిన్‌ను వుహాన్‌లోని జలజీవ శాస్త్ర సంస్థ 22 ఏళ్లు పెంచింది. అది 2002లో చనిపోయింది. 2006లో శాస్త్రవేత్తలు నది పొడవునా వెతికితే ఒక్కటీ కనిపించలేదు. వలలు, పడవల చక్రాలు, ఆనకట్టలు, మురుగు కలిసి లక్షల ఏళ్ల జాతిని తుడిచేశాయి. దానికి దూరపు బంధువు, డాల్ఫిన్‌ను పోలిన, వెన్నురెక్క లేని పోర్పాయిస్ ఇంకా ఉంది. దాన్నీ పోగొట్టుకోకూడదని 2021 జనవరి 1 నుంచి పదేళ్లపాటు యాంగ్జీలో చేపల వేటను నిషేధించారు. కాబట్టి హోటల్లో ఎవరైనా ‘యాంగ్జీలో పట్టిన చేప’ అని వడ్డిస్తే తీసుకోకండి. ప్రసిద్ధమైన వుచాంగ్ చేప చెరువుల్లో పెంచిందే దొరుకుతుంది.

తిండి సంగతి? శాకాహారులకు కష్టమా?

ఉదయం పూట ఈ ఊరు వీధుల్లోనే తింటుంది. నువ్వుల ముద్ద, ముల్లంగి పచ్చడి, కారపు నూనె కలిపిన ‘రగాన్‌మియెన్’ అనే నూడుల్స్ అందరి ఉదయపు ఆహారం. నిలబడి, నడుస్తూ, బస్సు కోసం ఎదురుచూస్తూ తింటారు. బియ్యం, సోయా పిండితో వేసే ‘మియెన్‌వో’ మధ్యలో చిల్లుతో, అంచు మెత్తగా, నడుమ కరకరగా అచ్చం మన గారెలాగే ఉంటుంది. దాన్ని నూడుల్స్‌తో నంజుకోవాలి. కారం మన నాలుకకు సరిపోతుంది.

శాకాహారులు నూడుల్స్‌లో మాంసపు రసం పోయవద్దని ముందే చెప్పాలి. ‘నేను మాంసం, చేప, గుడ్డు తినను’ అని చైనీస్‌లో రాయించి ఫోనులో దాచుకోండి. గుళ్ల దగ్గరి శాకాహార భోజనశాలలు నిశ్చింత. తామరదుంప ఇక్కడి ప్రాణం, కానీ చారుగా ఇస్తే అందులో పంది ఎముకలు ఉండటం మామూలు. వేయించినది అడగండి.

ఏ కాలంలో వెళ్లాలి?

మార్చి చివర నుంచి ఏప్రిల్, లేదా అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు. జులై, ఆగస్టుల్లో ఉక్కపోత భరించలేరు, చైనా ‘కొలుముల’ నగరాల్లో దీన్ని ఒకటిగా లెక్కిస్తారు. జూన్‌లో ముసురు. జనవరిలో గడ్డకట్టే చలి, చాలా ఇళ్లలో వేడి సదుపాయం ఉండదు. అక్టోబరు 1 నుంచి వారం రోజులు, మే మొదటి రోజులు దేశమంతా సెలవులు. అప్పుడు గోపురం మెట్ల మీద కాలు పెట్టలేరు.

త్రీ గోర్జెస్ ఇక్కడే ఉన్నాయా?

లేవు. యాంగ్జీ మీది ఆ మూడు లోయలు, ఆనకట్ట పడమట యీచాంగ్ వైపు ఉన్నాయి. వుహాన్ నుంచి వేగపు రైలులో వెళ్లవచ్చు. విహార నౌకలు ఎక్కువగా చోంగ్‌చింగ్, యీచాంగ్‌ల మధ్య మూడు నాలుగు రోజులు తిరుగుతాయి. ఒక్క రోజులో వెళ్లిరావాలనుకునేవారు ఆనకట్టతో సరిపెట్టుకోవాలి.

వీసా, డబ్బు, ఫోను?

భారతీయులకు వీసా తప్పనిసరి. 2020లో ఆగిన పర్యాటక వీసాల జారీ 2025 జులైలో మళ్లీ మొదలైంది. అక్కడ దాదాపు అన్నిచోట్లా ఫోనుతోనే చెల్లింపులు. అలీపే లేదా వీచాట్ యాప్‌ను ఇంటి దగ్గరే కార్డుతో జతచేసి పరీక్షించుకోండి, కొంత నగదూ ఉంచుకోండి. గూగుల్, వాట్సాప్ మామూలుగా పనిచేయవు. మ్యూజియంకైనా రైలుకైనా అసలు పాస్‌పోర్టు చూపాలి, నకలు చాలదు.

ఎన్ని రోజులు? ఎలా తిరగాలి?

మూడు రోజులు కనీసం, నాలుగైతే హాయి. మొదటి రోజు హాన్‌కౌ, లాంచీ, వంతెన. రెండో రోజు గోపురం, ఎర్ర భవనం, మిగిలితే హాన్‌యాంగ్. మూడో రోజు మ్యూజియం, సరస్సు. మెట్రో రెండో లైను 2012 డిసెంబరులో మొదలైంది, యాంగ్జీ కింద నుంచి వెళ్లిన తొలి మెట్రో అదే. విమానాశ్రయం, హాన్‌కౌ, వుచాంగ్‌లను అది కలుపుతుంది.

రైలు టికెట్టు కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. వుహాన్, హాన్‌కౌ, వుచాంగ్ అని మూడు పెద్ద స్టేషన్లు ఉన్నాయి, ఒకదానికొకటి దూరం. బీజింగ్, గువాంగ్‌జౌ వేగపు రైళ్లు ఎక్కువగా వుహాన్ స్టేషన్‌లో ఆగుతాయి, యీచాంగ్ వైపువి ఎక్కువగా హాన్‌కౌ నుంచి బయలుదేరతాయి. టికెట్టు మీది పేరును టాక్సీ డ్రైవరుకు చైనీస్ అక్షరాల్లోనే చూపించండి.